టెక్ సందేహాలు: టీవీ రికార్డర్ కొనేటప్పుడు ముందు ట్యూనర్లు లెక్కపెట్టండి

ప్రశ్న: టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకోవడానికి రెండు సెట్‌టాప్ బాక్సులను పరిశీలిస్తున్నాను. ఒకదానిలో ఒకే ట్యూనర్, 1 టెరాబైట్ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. రెండోదానిలో రెండు ట్యూనర్లు, 500 గిగాబైట్ల హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఇవేవీ అక్కర్లేదు, స్మార్ట్ టీవీకే ఒక హార్డ్‌డిస్క్ తగిలిస్తే చాలని మిత్రులు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండు ట్యూనర్ల బాక్సు తీసుకోండి. డిస్క్ సగమే ఉందని వెనకాడవద్దు. డిస్క్ నిండితే చూసేసిన కార్యక్రమాలను తుడిచేసి చోటు చేసుకోవచ్చు కానీ, ట్యూనర్ ఖాళీగా లేక రికార్డు కాకుండా పోయిన కార్యక్రమాన్ని వెనక్కి తెచ్చుకోలేం.

యాంటెనా నుంచో, డిష్ నుంచో, కేబుల్ నుంచో వచ్చే అనేక ఫ్రీక్వెన్సీలలో మనం కోరినదాన్ని పట్టుకునే భాగమే ట్యూనర్. ఒకే ట్యూనర్ ఉన్న బాక్సు ఒక ఛానల్‌ను రికార్డు చేస్తున్నంతసేపూ మీరు ఆ ఛానల్‌నే చూడాలి, లేదా లోగడ రికార్డు చేసి ఉంచుకున్నదేదైనా చూడాలి. డిజిటల్ ప్రసారంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలు ఛానళ్లు కలిసి వస్తాయి కాబట్టి, రెండు ఛానళ్లూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నప్పుడు కొన్ని బాక్సులు ఒక్క ట్యూనర్‌తోనే రెండింటినీ అందుకోగలవు. అయితే మనకు కావలసిన రెండు ఛానళ్లూ అలా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు. ఇంట్లో ఇద్దరి అభిరుచులు వేరైన చోట రెండో ట్యూనర్ ఎంత అవసరమో మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ఇక డిస్క్ సంగతి. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో వచ్చే వీడియో గంటకు సుమారు 450 మెగాబైట్ల చోటు తీసుకుంటుంది. ఆ లెక్కన సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానల్‌కు గంటకు 3.6 గిగాబైట్లు కావాలి, అంటే 500 గిగాబైట్లలో దాదాపు 138 గంటలు పడుతుంది. తాత్కాలిక నిల్వకు, సాఫ్ట్‌వేర్‌కు కొంత చోటు పోయినా, రికార్డు చేసినవన్నీ దాచుకునే అలవాటు లేనివారికి అది చిన్న నిల్వేమీ కాదు.

ప్రకటనల్లో కనిపించే ‘అత్యుత్తమ నాణ్యతతో రికార్డింగ్’ అన్న మాటకు మాత్రం మీరు విలువ ఇవ్వనక్కరలేదు. టీవో, రీప్లే టీవీ వంటి తొలి రికార్డర్లు 1999లో వచ్చినప్పుడు అనలాగ్ ప్రసారాన్ని ఆ యంత్రమే కుదించి డిస్క్‌లో రాసుకునేది. అందువల్ల నాణ్యత పెంచుకుంటే గంటలు తగ్గేవి. ఇప్పటి డిజిటల్ ఛానల్ కుదించిన రూపంలోనే వస్తుంది, బాక్సు సాధారణంగా దాన్ని వచ్చినది వచ్చినట్టే రాసుకుంటుంది. కాబట్టి ఒకే ప్రసారాన్ని రికార్డు చేసిన రెండు బాక్సులను పోలిస్తే బొమ్మలో తేడా కనిపించదు.

నేను ఇంతకన్నా ఎక్కువ పట్టించుకునేది కార్యక్రమాల గైడ్‌ను. ధారావాహికను ఒక్కసారి ఎంచుకుంటే తరువాతి భాగాలన్నీ వాటంతటవే రికార్డవుతాయా, ప్రసారవేళ మారితే బాక్సు గమనిస్తుందా, మొదట్లో రెండు నిమిషాలు, చివర పది నిమిషాలు అదనంగా రికార్డు చేయమని చెప్పే వీలుందా అన్నవి కొనకముందే అడిగి తెలుసుకోండి. ఆట నిర్ణీత సమయం దాటి సాగిన రోజున చివరి ఘట్టం దక్కేదీ దక్కనిదీ ఆ పది నిమిషాల మీదే ఆధారపడి ఉంటుంది.

మీ మిత్రులు చెప్పిన మార్గం ఖర్చు తక్కువదే, కానీ అన్ని టీవీలకూ కుదరదు. యూఎస్‌బీ నుంచి సినిమా చూపించగలిగిన ప్రతి టీవీ ప్రసారాన్ని రికార్డు చేయలేదు. చేయగలిగినవి కూడా సొంత ట్యూనర్ ద్వారా వచ్చిన ఛానళ్లనే రికార్డు చేస్తాయి, హెచ్‌డీఎమ్‌ఐ తీగతో కలిపిన సెట్‌టాప్ బాక్సు ఛానళ్లను కాదు. చాలా టీవీలు రికార్డింగ్‌కు ముందు డిస్క్‌ను ఫార్మాట్ చేస్తాయి కనుక, కుటుంబ ఫోటోలున్న డిస్క్‌ను దయచేసి తగిలించకండి. పెన్‌డ్రైవ్ కూడా వద్దు. ప్రత్యక్ష ప్రసారాన్ని మధ్యలో ఆపి చూసే సౌకర్యం కోసం గంటల తరబడి ఆగకుండా రాయాల్సి వస్తుంది, ఆ పనికి పెన్‌డ్రైవ్ తట్టుకోలేదు.

ప్రశ్న: మా రికార్డర్ పాడైంది. అందులోని హార్డ్‌డిస్క్ తీసి కంప్యూటర్‌కు కలిపితే ఫార్మాట్ చేయమని అడుగుతోంది. అందులోని రికార్డింగులు తిరిగి పొందవచ్చా?

జవాబు: ముందుగా, ఫార్మాట్ చేయకండి. చాలా రికార్డర్లు విండోస్ చదవలేని ఫైల్ వ్యవస్థను వాడతాయి. డిస్క్ చెడిపోకపోయినా కంప్యూటర్ ఆ సందేశం చూపించడానికి కారణం అదే. డబ్బు కట్టి చూసే ఛానళ్ల బాక్సులలో దీనికి తోడు మరో చిక్కు ఉంటుంది. అవి రికార్డింగులను ఎన్‌క్రిప్ట్ చేసి, తాళంచెవిని ఆ బాక్సుతోనే ముడిపెడతాయి. అదే కంపెనీ తయారుచేసిన అదే రకం బాక్సుకు డిస్క్‌ను మార్చినా అవి తెరుచుకోకపోవచ్చు. అందువల్ల డిస్క్‌ను తిరిగి పాత బాక్సులో అమర్చి, ఆ బాక్సునే బాగుచేయించే ప్రయత్నం చేయండి. పవర్ అడాప్టర్ ఒక్కటే పోయిందేమో మొదట చూడండి. అప్పుడు ఖర్చూ తక్కువే, రికార్డింగులూ భద్రం.

ఉచిత ప్రసారాలను దీర్ఘకాలం దాచుకోవాలనుకుంటే, ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే ట్యూనర్‌ను, కంప్యూటర్‌లో నడిచే టీవీహెడెండ్ వంటి సాఫ్ట్‌వేర్‌ను ఈసారి పరిశీలించండి. అమర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి గానీ, రికార్డింగులు మామూలు ఫైళ్లుగా ఉంటాయి, వేరే డిస్క్‌లోకి నకలు తీసుకోవచ్చు.

ప్రశ్న: సీసీ కెమెరాల డీవీఆర్ (డిజిటల్ వీడియో రికార్డర్) ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంది. దానితో టీవీ ఛానళ్లు రికార్డు చేయవచ్చా?

జవాబు: చేయలేరు. టీవీ రికార్డర్‌నూ డీవీఆర్ అనే అంటారు గానీ, మీ దగ్గరున్నది కెమెరాల నుంచి నేరుగా వచ్చే సంకేతాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఛానళ్లను పట్టే ట్యూనర్ అందులో ఉండదు. లోపలి హార్డ్‌డిస్క్ మాత్రం రాత్రింబగళ్లు రాయడానికి తయారైన రకం కావచ్చు. అది ఆరోగ్యంగా ఉంటే, సొంత విద్యుత్ సరఫరా ఉన్న యూఎస్‌బీ పెట్టెలో అమర్చి, రికార్డింగ్ సౌకర్యమున్న టీవీకి వాడుకోవచ్చు.