కమ్యూనిటీ టెక్ కాన్ఫరెన్స్‌కి రెండొందల టికెట్ పెట్టొచ్చా?

విజయవాడలో ఒకరోజు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) కాన్ఫరెన్స్ పెడుతున్నామనీ, ఎంట్రీ ఫ్రీగా ఉంచాలా, రెండొందలో మూడొందలో తీసుకోవాలా అన్న దగ్గర మీ టీమ్ రెండుగా చీలిందనీ రాశారు. నా ఓటు టికెట్‌కే. హైదరాబాద్‌లో మేం ఫ్రీగానూ నడిపాం, టికెట్ పెట్టీ నడిపాం. అసలు తేడా కేటరింగ్ ఆయనతో మాట్లాడేటప్పుడు తెలుస్తుంది.

శనివారం ఈవెంట్ అంటే గురువారం సాయంత్రానికే ఆయన ఫోన్ చేస్తాడు: "ప్లేట్లు ఎన్ని వేసుకోమంటారు సార్?" ఫ్రీ ఈవెంట్‌లో దీనికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు. ఫారం నింపినవాళ్లందరికీ చెబితే సగం వంట మిగిలిపోతుంది. సగానికే చెబితే, సరిగ్గా ఆ రోజే ఏదో ఇంజనీరింగ్ కాలేజీ నుంచి బస్సు నిండా పిల్లలు దిగుతారు. ఒకసారి మాకు వంట మిగిలిపోయింది. మధ్యాహ్నం మూడింటికి వెజ్ బిర్యానీ గిన్నెల్లో కొన్నిటికి మూత కూడా తీయలేదు. ఇద్దరు వాలంటీర్లు సెషన్లు వదిలేసి, చుట్టుపక్కల హాస్టళ్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. తిండి వృథా కాలేదు, సరే. కానీ ఆ డబ్బు స్పాన్సర్‌ది. మళ్లీ ఏడాది వాళ్ల దగ్గరికి వెళ్లి అడగడానికి మాకు మొహం చెల్లలేదు.

టికెట్ పెట్టాక, పేరిచ్చినవాళ్లలో చాలామంది నిజంగానే వచ్చారు. డబ్బు కట్టి రానివాళ్లూ ఉంటారు. కాకపోతే వాళ్లు ముందే మెసేజ్ పెడతారు: "రావడం కుదరట్లేదండీ, నా టికెట్ మా ఫ్రెండ్ పేరుకి మారుస్తారా?" ఫ్రీ ఈవెంట్‌లో ఇలాంటి మెసేజ్ నేనైతే చూడలేదు.

బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ కాన్ఫరెన్స్‌కి వేలమంది వస్తారు, అది ఫ్రీయే కదా అని మీలో ఒకరు అన్నారట. నిజమే, అక్కడ టికెట్ కాదు కదా, రిజిస్ట్రేషనే లేదు. కానీ అది యూనివర్సిటీ క్యాంపస్‌లో జరుగుతుంది, తిండి ఎవరిది వాళ్లు కొనుక్కుంటారు. తలలు లెక్కపెట్టే పనే పెట్టుకోలేదు వాళ్లు. మీకూ ఏదైనా కాలేజీ హాలు ఊరికే దొరికి, లంచ్ ఎవరికి వాళ్లే అనగలిగితే ఫ్రీగానే పెట్టండి, నేనే వచ్చి కుర్చీలు వేస్తాను. భోజనం పెట్టి, టీషర్ట్ ఇచ్చి, పైగా ఫ్రీ అంటేనే తంటా. (పిలిచి అన్నం పెట్టకపోతే ఏం బాగుంటుంది అన్న బెంగ మనకి పోదనుకోండి. నాకూ పోలేదు.)

అలాగని పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల కాన్ఫరెన్స్, అమెరికా పైకాన్ దారిలోనూ వెళ్లకండి. అక్కడ స్పీకర్లూ, ఆర్గనైజర్లూ కూడా టికెట్ కొనాల్సిందే. కట్టలేనివాళ్లకి ఆర్థిక సాయం ఇచ్చే పద్ధతి అక్కడ గట్టిగా ఉంది కాబట్టి నడుస్తోంది. వైజాగ్ నుంచి సొంత ఖర్చుతో వచ్చి మాట్లాడే మనిషిని మీరు టికెట్ అడిగితే మళ్లీ రాడు. నాకు నచ్చింది డెబ్‌కాన్ (డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల కాన్ఫరెన్స్) పద్ధతి. 2023లో కొచ్చిలో జరిగిందే, అది. మామూలుగా రావడానికి డబ్బు కట్టక్కర్లేదు. కంపెనీ ఖర్చు పెట్టుకునేవాళ్లు మాత్రం ఎక్కువ కట్టే కేటగిరీ ఎంచుకుంటారు.

దీన్నే మీరు కాస్త తిప్పి వాడుకోవచ్చు. రెండొందలు ఉద్యోగికి లెక్కలోది కాదు. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయికి మాత్రం ఛార్జీల మీద అది అదనపు భారమే. అందుకే ఫారంలో "ఇప్పుడు కట్టలేను" అని ఒక ఆప్షన్ పెట్టండి. టిక్ చేస్తే టికెట్ వెళ్లిపోవాలి, అంతే. మా దగ్గర ఒకాయన దానికి ప్రూఫ్ అడగాలని పట్టుబట్టాడు. కాన్ఫరెన్స్‌కి రావడానికి మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోమంటామా? చివరికి ఏమీ అడగలేదు. దాన్ని వాడుకున్నది కొద్దిమందే. దాని పక్కనే "ఇంకొకరి టికెట్ కూడా నేను కడతాను" అని పెడితే, దాన్ని ఎంచుకున్నవాళ్లే ఎక్కువమంది తేలారు.

డబ్బు ఎవరి అకౌంట్‌లో పడుతుందో మాత్రం ముందే తేల్చుకోండి. ఒక వాలంటీర్ ఫోన్‌పే నంబర్‌కి వేయించుకుంటే, ఎంత మంచివాళ్లయినా నెల తిరక్కుండా గుసగుసలు మొదలవుతాయి. రిజిస్టర్ అయిన సొసైటీ ఏదైనా తోడుంటే వాళ్ల అకౌంట్ వాడండి. జీఎస్టీ సంగతి ఆడిటర్‌ని ఒక్కమాట అడగండి. ఈవెంట్ అయిన వారంలోగా జమాఖర్చులు అందరికీ కనిపించేలా పెట్టేయండి.

ఇక టికెట్ లేకుండా గేటు దగ్గరికి వచ్చేవాళ్లు. తప్పకుండా వస్తారు. వెనక్కి పంపకండి, అక్కడే క్యూఆర్ కోడ్ పెట్టి అదే రేటుకి లోపలికి రానివ్వండి. లంచ్ కూపన్ మాత్రం గురువారం లోపు బుక్ చేసుకున్నవాళ్లకే అని టికెట్ పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాయండి.