కీమో మధ్యలో పసుపు క్యాప్సూల్స్ వేయొచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మకు 58 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. మందును కణంలోంచి బయటికి తోసేసే పంపును పసుపు, మిరియాల సారం ఆపుతుందని చదివి, మూడు వారాలుగా కర్‌క్యుమిన్ (పసుపు సారం), పైపరిన్ (మిరియాల సారం) కలిసిన క్యాప్సూల్స్ ఇస్తున్నాను. ఆంకాలజిస్టుకు చెప్పలేదు. డోసు పెంచవచ్చా? ఈ మధ్య అమ్మకు నీరసం, మూత్రం ముదురు పసుపుగా వస్తోంది.

జవాబు: డోసు మాట తర్వాత, ముందు ఆ క్యాప్సూల్స్ ఆపండి. నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన మూత్రం రంగు. నీళ్లు తక్కువ తాగినా అలా రావచ్చు, కామెర్లూ కావచ్చు. చూడకుండా ఇదీ అని చెప్పలేను. అమ్మగారిని పగటిపూట కిటికీ దగ్గర కూర్చోబెట్టి కళ్లు చూడండి, ట్యూబ్‌లైట్ కింద పచ్చదనం తెలీదు. కళ్లు ఎలా ఉన్నా రేపే లివర్ ఫంక్షన్ టెస్ట్, బ్లడ్ కౌంట్ చేయించండి. పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

మీరు చదివింది అబద్ధం కాదు. ఆ పంపు పేరు పి-గ్లైకోప్రోటీన్, 1976లో బయటపడింది. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో కర్‌క్యుమిన్, పైపరిన్ దాన్ని అడ్డుకుంటాయి. కానీ అదే పంపు పేగుల్లో, లివర్‌లో, కిడ్నీల్లో, మెదడు రక్తనాళాల్లో కాపలా కాస్తుంటుంది. దాన్ని ఆపడానికే తయారుచేసిన మందులను కీమోతో కలిపి ఇచ్చి చూశారు. ఆశించిన మేలు జరగలేదు, కొన్నిచోట్ల విషప్రభావం పెరిగి కీమో డోసే తగ్గించాల్సి వచ్చింది.

పైపరిన్ మందులను విరగ్గొట్టే లివర్ ఎంజైములను కూడా నెమ్మదింపజేస్తుంది. 1998లో మన బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు 2 గ్రాముల కర్‌క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే, శరీరానికి అందిన కర్‌క్యుమిన్ 20 రెట్లయింది. మరి అమ్మగారి మిగతా మందుల సంగతి? కూరలో పసుపు, చారులో మిరియాలు మామూలుగా వాడుకోండి, నా అభ్యంతరం క్యాప్సూల్స్‌కే.

కోప్పడుతున్నానని అనుకోకండి, మూడు వారాలు చెప్పకుండా ఇవ్వడం మాత్రం తప్పే. ఓపీలో రోజూ చూస్తాను. "ఇంకేమైనా వాడుతున్నారా?" అంటే "ఏం లేదండీ" అంటారు, కాసేపటికి సంచిలోంచి పొడి డబ్బా బయటికొస్తుంది. మొక్క మందే కదా అని ధీమా. పాక్లిటాక్సెల్ కూడా యూ చెట్టు బెరడులోంచి వచ్చిందే!

ఖాళీ అయినా సరే ఆ సీసా తీసుకెళ్లి, తర్వాతి డ్రిప్ పెట్టకముందే ఆంకాలజిస్టుకు చూపించండి. ఈలోగా జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.