అడగండి, చెబుతాను: తలనొప్పి మెదడుదేనా?

ప్రశ్న: డాక్టరు గారూ! తలనొప్పి వస్తే మా అత్తగారు "మెదడు పగిలిపోతోంది" అంటారు. నొప్పి పుట్టేది నిజంగా మెదడులోనేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. ఒళ్ళంతటి నొప్పినీ పసిగట్టే మెదడుకు తన నొప్పి మాత్రం తెలియదు. ఆ కణజాలంలో నొప్పిని గుర్తించే నాడులు లేవు. బాధపెట్టేవి దాని చుట్టూ ఉన్న పొరలు, రక్తనాళాలు, నెత్తి, మెడ కండరాలు. (అత్తగారికి ఇప్పుడే చెప్పకండి, ముందు తలనొప్పి తగ్గనివ్వండి.)

చదువుకునే రోజుల్లో ఒక ఆపరేషన్ చూశాను. పుర్రె తెరిచి ఉంది, రోగి మెలకువగా అంకెలు లెక్కపెడుతున్నాడు. పదిహేడు దగ్గర సర్జన్ సన్నని కరెంటు తాకించగానే మాట ఆగిపోయింది. తీయగానే "పద్దెనిమిది" అన్నాడు! నాకే చెమటలు పట్టాయి. మాటకు సంబంధించిన చోటును అలా గుర్తించి, దాన్ని కోయకుండా వదిలేస్తారు. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి, మత్తు నెత్తి చర్మానికి ఇస్తే చాలు. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ మూర్ఛ రోగులకు ఇలాగే చేసేవాడు. 2017లో మన గుంటూరులో ఒకామెకు బాహుబలి సినిమా చూపిస్తూ మెదడులో కణితి తీశారు.