నెదర్లాండ్స్‌లో ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం: అమ్మాయిని పంపవచ్చునా?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఒక కంపెనీ నెలకు 4,600 యూరోల జీతంతో ఉద్యోగం ఇస్తామంది. కానీ ఒప్పందం ఏడాదికే రాశారు. పర్మనెంటు కాని ఉద్యోగం కోసం ఇక్కడిది వదులుకోవడం తెలివైన పనేనా? దానికన్నా అక్కడే ఎమ్మెస్ చేయించడం మేలని బంధువులు అంటున్నారు. అందుకు ఇల్లు తనఖా పెట్టడానికి కూడా నేను సిద్ధమే. రెండింటినీ పోల్చి చెప్పగలరు. అక్కడి డచ్చివారు మొహం మీదే కటువుగా మాట్లాడతారట. కంపెనీ వారితో నేనే ఒకసారి ఫోనులో మాట్లాడితే బాగుంటుందా? - ఒక తండ్రి, మచిలీపట్నం

జవాబు: ఊరి పేరు, దేశం పేరు మారుతుంటాయి గాని ఇటువంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. పైకి అడిగేది కాంట్రాక్టు గురించి. అడుగున ఉండే భయం వేరు. చదువుకని పంపితే నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది, అక్కడ కాలేజీ అనేది ఒకటుంటుంది, తోటి పిల్లలుంటారు. ఉద్యోగానికని ఒంటరిగా పంపితే, ఏడాది తిరిగేసరికి వెనక్కి వస్తే ఏమని చెప్పుకోవాలన్నదే ఆ భయం. ఆడపిల్లను ఏడు వేల కిలోమీటర్లకు పైగా దూరం పంపే తండ్రికి ఆ బెంగ ఉండడం సహజం, దానిని నేను తప్పు పట్టను. అయితే ఆ బెంగకు ఇల్లు తనఖా పెట్టడం మందు కాదు.

ముందుగా కాంట్రాక్టు సంగతి చూద్దాం. మన దగ్గర ఆ మాట వినగానే ఔట్‌సోర్సింగు, పీఎఫ్ లేకపోవడం, రేపు ఉంటామో లేదో తెలియకపోవడం గుర్తుకొస్తాయి. నెదర్లాండ్స్‌లో కొత్తగా చేరినవారికి మొదట ఏడాది ఒప్పందం ఇవ్వడం మామూలు విషయం. అక్కడే పుట్టి పెరిగినవారికీ అలాగే ఇస్తారు. ఒకే యజమాని దగ్గర వరుసగా మూడు తాత్కాలిక ఒప్పందాలు గాని, మొత్తం మూడేళ్లు గాని దాటి కొనసాగితే చట్టప్రకారం ఆ ఉద్యోగం శాశ్వతమవుతుంది. ఏడాది ఒప్పందంలో ప్రొబేషన్ ఒక్క నెలకు మించకూడదు. పొడిగిస్తారో లేదో గడువుకు కనీసం నెల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. సెలవుల్లోను, జబ్బు చేసినప్పుడు ఇచ్చే జీతంలోను శాశ్వత ఉద్యోగికీ ఈమెకూ తేడా చూపడానికి వీల్లేదు.

చిక్కు ఒక్కచోట ఉంది, దానిని దాచను. నివాస అనుమతి ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. మధ్యలో ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి మూడు నెలల దాకా గడువిస్తారు గాని, ఆ గడువు అనుమతి పత్రంలో రాసిన తేదీని దాటదు. కాబట్టి మీ అమ్మాయి పదకొండో నెల దాకా నోరు మూసుకుని కూర్చోకూడదు. ఎనిమిదో నెలలోనే "నా ఒప్పందం గురించి ఏమనుకుంటున్నారు?" అని మేనేజరును సూటిగా అడగాలి. అక్కడ అది తొందరపాటు కాదు, మర్యాద తప్పడమూ కాదు.

కంపెనీ నిజమైనదా కాదా అన్న అనుమానం ఉంటే తీర్చుకోవడం తేలిక. ఇటువంటి నిపుణుల వీసాకు దరఖాస్తు చేయగలిగేది, ఐఎన్‌డీ అనే అక్కడి వలస వ్యవహారాల సంస్థ దగ్గర గుర్తింపు పొందిన యజమాని మాత్రమే. ఆ గుర్తింపు ఉన్నవారి జాబితా ఐఎన్‌డీ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. దరఖాస్తు పని కంపెనీదే. మధ్యలో ఎవరైనా వచ్చి మీ అమ్మాయిని "ప్రాసెసింగ్ కోసం" డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. ఈ వీసాకు 30 ఏళ్ల లోపువారికి ఉండవలసిన కనీస జీతం 2025లో నెలకు 4,171 యూరోలు, ఆ వయసు దాటినవారికి 5,688. ఏటా జనవరిలో ఇది మారుతుంది గనుక దరఖాస్తు వేసే రోజున ఉన్న అంకెను చూసుకోవాలి.

ఇక ఎమ్మెస్. అమెరికా దారి ఇరుకైన కొద్దీ మన కన్సల్టెన్సీలు ఐరోపా బోర్డులు తగిలిస్తున్నాయి. ఆ ఊపులో నెదర్లాండ్స్ పేరు కూడా బాగా వినిపిస్తోంది. డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్, ట్వెంటె సాంకేతిక విశ్వవిద్యాలయాల చదువు గొప్పదే, వ్యవసాయ శాస్త్రాలకు వాహెనింగెన్‌కు ప్రపంచమంతటా పేరుంది. ఇందులో నాకు సందేహం లేదు. నా సందేహమంతా అప్పు చేసి, ఉద్యోగం కోసమే ఆ చదువుకు వెళ్లడం మీద. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చేవారికి అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ ఫీజు ఏడాదికి 20,000 యూరోల దరిదాపుల్లో, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువగా ఉంటుంది. యూరోను వంద రూపాయలుగా లెక్కగట్టినా రెండేళ్లకు ఫీజే 40 లక్షలు. తిండి, అద్దె దానికి అదనం. చదువుకుంటూ సంపాదించి కట్టేస్తానని పిల్లలు అంటారు. వారానికి 16 గంటలు, లేదంటే జూన్ నుంచి ఆగస్టు వరకు పూర్తికాలం, ఈ రెండింటిలో ఒకటే చేయనిస్తారు. దానికీ యజమాని విడిగా వర్క్ పర్మిట్ తీసుకోవాలి, అందుకు చాలా దుకాణాలు సిద్ధపడవు. ఇంటి వసతి చూసుకోకుండా రావద్దని అక్కడి విశ్వవిద్యాలయాలే విదేశీ విద్యార్థులను హెచ్చరించిన సందర్భాలున్నాయి. మన కాలేజీలలో లాగా కంపెనీలు క్యాంపస్‌కు వచ్చి ఆఫర్లు పంచిపెట్టడం అక్కడ ఉండదు. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక ఏడాది అనుమతి దొరుకుతుంది, అలా వచ్చినవారికి కావలసిన కనీస జీతం కూడా తక్కువే, 2025లో 2,989 యూరోలు. ఆ దారిలో నిజంగా మేలైనది ఇదే. ఆ ఏడాదిలో ఉద్యోగం రాకపోతే పిల్లలు ఏ స్థితిలో నాకు ఫోన్ చేస్తారో నేను వింటుంటాను. ఇల్లు తనఖాలో ఉందన్న బరువుతో, తమ చదువుకు సంబంధం లేని పనులకు కూడా ఒప్పుకుంటారు, ఇంట్లో మాత్రం అంతా బాగుందని చెబుతారు.

మీ అమ్మాయి ఆ రెండేళ్ల చివర ఏ గుమ్మం ముందు నిలబడాలో, ఆ గుమ్మం ఇవాళే తెరుచుకుంది. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరగడమంటే ఇదే. మీరు పోల్చి చెప్పమన్నారు గాని, పక్కపక్కన పెట్టి పట్టిక గీయడానికి ఈ రెండూ సమ ఉజ్జీలు కావు. పరిశోధన వైపు వెళ్లాలనో, ఇప్పటి పని వదిలి చిప్ డిజైన్ వంటి మరో రంగంలోకి మారాలనో ఆమె కోరుకుంటే అప్పుడు ఎమ్మెస్ మాట వేరు. మీ ఉత్తరంలో ఆ కోరిక ఎక్కడా కనిపించలేదు. అసలు మీ అమ్మాయి ఏమంటోందన్నది ఒక్క వాక్యం కూడా లేదు. బంధువులు ఏమన్నారో రాశారు, మీరు దేనికి సిద్ధమో రాశారు. నాలుగేళ్లుగా సొంత జీతం మీద బతుకుతూ, వేరే దేశపు కంపెనీ ఇంటర్వ్యూలు తనంతట తాను గెలిచిన మనిషి అభిప్రాయం మీకు రాయదగ్గదిగా తోచలేదు. కొంచెం కఠినంగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

డబ్బు విషయంలో ఒక భ్రమ ముందే తొలగించుకోవాలి. బయటి దేశం నుంచి ఉద్యోగానికి రప్పించుకున్నవారికి జీతంలో 30 శాతం దాకా పన్ను లేకుండా చెల్లించే వెసులుబాటు అక్కడ ఉంది, అయిదేళ్ల వరకు దొరుకుతుంది. 2027 నుంచి అది 27 శాతానికి తగ్గుతుంది. అయితే ఆ మినహాయింపు పోగా పన్ను పడే జీతం ఒక కనీస మొత్తానికి తగ్గకూడదు. మాస్టర్స్ లేనివారికి 2025లో ఆ మొత్తం ఏడాదికి 46,660 యూరోలు. మే నెలలో ఇచ్చే 8 శాతం సెలవు భత్యంతో కలిపి మీ అమ్మాయి ఏడాది జీతం 59,600 యూరోలు దాటుతుంది గనుక, పన్ను లేని భాగం సుమారు 13,000 వరకే వస్తుంది, పూర్తి 30 శాతం రాదు. ఇక్కడే ఇంకొక సంగతి గమనించండి: ముందు విద్యార్థిగా వెళ్లి, అక్కడే ఉండి ఉద్యోగంలో చేరినవారికి ఈ వెసులుబాటు సాధారణంగా దక్కదు. అద్దె, ఆరోగ్య బీమా, ఆ బీమా వర్తించే ముందు ఏడాదికి మన జేబులోంచి పోయే మొదటి 385 యూరోలు, ఇవన్నీ పోగా హాయిగా బతకవచ్చు, కొంత వెనకేయవచ్చు. మొదటి ఏడాది ఇంటికి పంపమని మాత్రం అడగకండి.

నిజమైన కష్టం ఇల్లు దొరకడంలో ఉంది. ఐండ్‌హోవెన్ పక్కనే వెల్డ్‌హోవెన్‌లో ఏఎస్ఎంఎల్ ఉంది, అత్యాధునికమైన చిప్‌లకు కావలసిన ఈయూవీ యంత్రాలను ప్రపంచం మొత్తానికి చేసి ఇచ్చే ఏకైక కంపెనీ అది. దాని చుట్టూ పెరిగిన పరిశ్రమ వల్ల ఊళ్లోకి వచ్చే జనం ఎక్కువ, ఇళ్లు తక్కువ. ఫొటోలు చూసి, మనిషిని చూడకుండా అడ్వాన్సు పంపి మోసపోయిన పిల్లలు నాకు తెలుసు. ఇల్లు ఇస్తాం గాని ఈ చిరునామా మీద మున్సిపాలిటీలో నమోదు చేసుకోవద్దనే వారు కూడా ఉంటారు. అటువంటి ఇంట్లో ఒక్క రోజు కూడా దిగకూడదు, ఎందుకంటే అక్కడ నివాసిగా నమోదైతేనే బీఎస్ఎన్ అనే పౌర సంఖ్య వస్తుంది, జీతం, బ్యాంకు ఖాతా, బీమా అన్నీ దాని మీదే నడుస్తాయి. మొదటి రెండు మూడు నెలలకు వసతి చూపించగలరా అని సంతకానికి ముందే కంపెనీని అడగాలి. చాలా కంపెనీలు చూపిస్తాయి, అడిగినవారికి.

ఆ అడగడం మీ అమ్మాయి చేయాలి, మీరు కాదు. మీరు కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడివారికి అది తండ్రి ప్రేమగా అర్థం కాదు. ఈమె తన పని తాను చూసుకోలేదని అర్థమవుతుంది. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

కటువుగా మాట్లాడతారన్నది సగం నిజం. నెల్లూరు నుంచి వెళ్లిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. సోమవారం మేనేజరు "గురువారానికి అవుతుందా?" అని అడిగాడు. కాదని ఇతనికి తెలుసు. పెద్దవారి ముందు కాదనడం ఎలాగని "ప్రయత్నిస్తాను" అన్నాడు. ఆ మాటను మేనేజరు "అవుతుంది" అనే రాసుకున్నాడు. గురువారం అవలేదు. ఆరుగురి ముందు మేనేజరు, గొంతు పెంచకుండానే, "కాదని సోమవారమే చెప్పి ఉంటే ఇద్దరం కూర్చుని చేసేవాళ్లం, ఇప్పుడు నాలుగు రోజులు పోయాయి" అన్నాడు. ఆ రాత్రి ఈ అబ్బాయి ఉద్యోగం పోయిందనుకుని నాకు ఫోన్ చేశాడు. మర్నాడు మధ్యాహ్నం అదే మేనేజరు చీజ్ పెట్టిన రెండు రొట్టె ముక్కలు, గ్లాసు పాలు పట్టుకుని వచ్చి ఇతని ఎదురుగా కూర్చుని, "మీ అమ్మగారి మోకాలి ఆపరేషన్ ఎలా జరిగింది?" అని అడిగాడట. ముందు రోజు అన్నది పని గురించి, మనిషి గురించి కాదు. ఈ తేడా తెలియడానికి మన పిల్లలకు ఆరు నెలలు పడుతుంది. మీ అమ్మాయికి ఇప్పటి నుంచే అలవాటు చేయవలసింది ఒక్కటే: కాని పనిని కాదని, కారణంతో సహా, మొదటి రోజే చెప్పడం. ఇంట్లో మీరు ఆమె చేత ఆ మాట అనిపించుకోగలిగితే అక్కడ ఆమెకు తేలికవుతుంది.

మొదటి చలికాలం కష్టంగా ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, సన్నటి వానలో సైకిలు మీద ఇంటికి రావాలి. ఎవరింటికైనా వెళ్లాలంటే రెండు వారాల ముందు రోజు ఖాయం చేసుకోవాలి. ఆఫీసు ఇంగ్లీషులో నడుస్తుంది, భోజనాల బల్ల దగ్గర మాత్రం మాట డచ్చిలోకి జారిపోతుంది. అందుకే మొదటి ఏడాదిలోనే ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాలి. అయిదేళ్ల తరువాత శాశ్వత నివాసం కోరుకుంటే ఎలాగూ ఆ భాషలో పరీక్ష రాయాలి.

మీరు అడగకపోయినా మీ మనసులో ఉండే పెళ్లి విషయానికి కూడా జవాబు చెబుతాను. ఈ వీసా మీద ఉన్నవారి జీవిత భాగస్వామి అక్కడ విడిగా వర్క్ పర్మిట్ లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. కాబట్టి ఈ ఉద్యోగం సంబంధాలకు అడ్డు కాదు. తల్లిదండ్రులుగా మీరిద్దరూ వెళ్లి మూడు నెలల వరకు ఆమె దగ్గర ఉండి రావచ్చు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరుగా విమానం కూడా మొదలైంది. మీ ఊళ్లోని వలందపాలెం పేరు ఈ డచ్చివారి మీద వచ్చిందే; 17వ శతాబ్దంలో వారు అద్దకం బట్టల కోసం నెలల తరబడి సముద్రం మీద వచ్చి మీ బందరులో వర్తకశాల పెట్టుకుని బతికారు. మీ అమ్మాయికి దారిలో పట్టేది ఒక పగలు.

మీ వంతు పని ఒకటుంది, దానిని వెంటనే మొదలుపెట్టండి. అక్కడ నివాసిగా నమోదు కావడానికి విదేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ అనే ప్రభుత్వ ముద్ర ఉన్న జనన ధ్రువపత్రం అడుగుతారు. మన దగ్గర ఆ వయసు పిల్లల్లో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్టు తప్ప జనన పత్రం ఉండదు. ఉన్నా అందులో పేరు ఒక విధంగా, పాస్‌పోర్టులో మరొక విధంగా ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ఒక్క అక్షరంగా, ఇంకొకచోట పూర్తిగా ఉంటుంది. వీసాకు రెండు వారాలు పడితే ఈ దిద్దుబాటుకు రెండు నెలలు పట్టిన సందర్భాలు చూశాను. ఆమె హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ బందరు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగలేదు. పాస్‌పోర్టు నకలు పట్టుకుని సోమవారం ఉదయం మీరు వెళ్లండి, పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లు పోకుండా జనన పత్రంలో వచ్చేలా చూడండి.