మా విచారణలో (కతోలిక పారిష్‌లో) స్కౌట్ దళం మొదలుపెడుతున్నాం. మొదటి రెండు మూడేళ్ళు దేనిమీద శ్రద్ధ పెట్టాలి, ఎంత ఖర్చవుతుంది?

యూనిఫారాలకూ బ్యాండు సెట్టుకూ చందాలు వసూలు చేస్తున్నామని మీరు ప్రశ్న కింద రాశారు. దయచేసి ఆ పని కొంతకాలం ఆపండి. ఏడెనిమిది మంది పిల్లలు, ఒక తాడు, శనివారం సాయంత్రం తప్పకుండా వచ్చే ఒక పెద్దమనిషి ఉంటే మొదటి రెండేళ్ళు హాయిగా గడిచిపోతాయి. 1980ల చివర సికింద్రాబాద్‌లోని మా విచారణలో దళం పుట్టినప్పుడు మొదటి పెట్రోల్‌లో, అంటే దళంలోని పిల్లల చిన్న జట్టులో, నేనూ ఉన్నాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా దగ్గర తాడు కొనడానికి కూడా డబ్బు లేదు. గుడి గంట తాడు అరిగిపోయి కొత్తది కట్టించినప్పుడు, విచారణ గురువులు ఆ పాత తాడును మా స్కౌట్ మాస్టర్ గారికి ఇచ్చేశారు. రైల్వేలో ఫిట్టరుగా పనిచేసే ఆయన దాన్ని బారెడేసి ముక్కలుగా కోసి, కొసలు విడిపోకుండా పురికొసతో చుట్టడం మాకు మొదటి పాఠంగా నేర్పారు. ఆ తరువాత రెండు నెలలపాటు రీఫ్ ముడి, క్లోవ్ హిచ్, బోలైన్ అనే మూడు ముడులు తప్ప మరో మాట లేదు. కొబ్బరిపీచు గుచ్చుకుని అరచేతులు మండుతున్నా ఒక్కరం కూడా మానలేదు. ఎవరికి ముడి రాకపోయినా నేర్పే బాధ్యత మాస్టర్ గారు పెట్రోల్ లీడర్‌కే వదిలేవారు. 1907లో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో దాదాపు 20 మంది బాలురతో ప్రయోగాత్మక శిబిరం పెట్టినప్పుడు కూడా వాళ్ళను నాలుగు పెట్రోళ్ళుగా విడదీసి, ఒక్కో పెట్రోల్‌ను ఒక పిల్లవాడి చేతికే అప్పగించాడు. స్కౌటింగ్ ప్రాణమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

రెండో ఏడాది పాస్కా జాగరణ (ఈస్టరు ముందు రాత్రి ఆరాధన) నాడు సాయంత్రం గాలివాన పడింది. కొత్త నిప్పు కోసం గుడి ఆవరణలో పేర్చిన కట్టెలు పూర్తిగా నానిపోయాయి. జనం కొవ్వొత్తులు పట్టుకుని చీకట్లో నిలబడి ఉండగా, పెద్దలు అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టె ఖాళీ చేసి, చివరికి ఒకరిని కిరోసిన్ కోసం పంపారు. అప్పుడు పద్నాలుగేళ్ళ మా లీడర్ ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి, "మేము ప్రయత్నించవచ్చా ఫాదర్?" అని అడిగాడు. వానకు పైన తడిసిన కట్టెలో లోపలి చేవ చాలావరకు పొడిగానే ఉంటుందని మాకు తెలుసు. ఇద్దరు కట్టెలు చీల్చారు, ఒకడు చాకుతో లోపలి చెక్కను ఊడిపోకుండా పొరలు పొరలుగా చెక్కాడు, నేను మా రేకు పెట్టెలో ఉన్న గంట తాడు ముక్క పురివిప్పి పీచు చేశాను. రెండే అగ్గిపుల్లలతో మంట వెలిగించడం మేము అంతకు ముందే అభ్యాసం చేసి ఉన్నాం. మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండో పుల్లకు పీచు అంటుకుంది. ఆ మంట నుంచే ఫాదర్ గారు పాస్కా కొవ్వొత్తి వెలిగించారు. అప్పటికి మాలో ఒక్కరికీ యూనిఫారం లేదు, మెడలో స్కార్ఫ్ మాత్రం ఉంది.

తరువాతి శనివారం పదకొండు మంది కొత్త పిల్లలు వచ్చారు. వారిలో పక్క బస్తీ హిందూ, ముస్లిం పిల్లలు కూడా ఉన్నారు. వారిని చేర్చుకోవాలా అని అప్పట్లో కొందరు సందేహించారు, మీ దగ్గరా సందేహిస్తారు. తప్పకుండా చేర్చుకోండి. మన దేశపు స్కౌట్ సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రతిజ్ఞలో దేవుడు అనే మాటకు బదులు ధర్మం అని పలికే వీలుంది. ఫ్రాన్స్‌లో కూడా మొదట్లో స్కౌటింగ్‌ను అనుమానించిన కతోలికులు ఉండేవారు. యేసుసభ (జెస్యూట్) గురువు జాక్ సెవాఁ 1913లో ఇంగ్లండు వెళ్ళి స్వయంగా చూసి, బేడెన్ పావెల్‌ను కలిసి వచ్చి, 1920లో ఫ్రాన్స్ కతోలిక స్కౌట్ సంస్థ స్థాపనలో ముందు నిలిచారు. 2012లో శ్రీసభ (కతోలిక సంఘం) ఆయనను పూజ్యునిగా, అంటే పునీత పదవికి దారిలో ఒక మెట్టుపై, ప్రకటించింది. అంతటి గురువు పేరు మన విచారణల్లో ఒక్క ప్రసంగంలోనైనా వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బ్యాండు సంగతి కూడా చెప్పాలి. మూడో ఏడాది ఒక దాత డ్రమ్ములు, బ్యూగిళ్ళు, అందరికీ యూనిఫారాలు కొనిచ్చారు. ఆయన మనసు మంచిదే. అయితే అప్పటినుంచి శనివారాలన్నీ గుడి పండుగకూ, జనవరి 26కూ కవాతు సాధనగా మారిపోయాయి. డ్రమ్ము దొరికిన నలుగురు మిగిలారు, దొరకనివారు ఒక్కొక్కరే మానేశారు. ఏడాది తిరిగేసరికి పెట్రోళ్ళు పేరుకు మాత్రమే ఉన్నాయి. ఇప్పటి తల్లిదండ్రులు చాలామంది రాష్ట్ర స్థాయి స్కౌట్ పురస్కారమైన రాజ్య పురస్కార్ పత్రం ఎప్పుడు వస్తుందని మొదటి రోజే అడుగుతున్నారు. తొలి మెట్టు పరీక్ష అయిన ప్రథమ సోపాన్ ముడులు కూడా రాని పిల్లవాడికి ఆ పత్రం ఏం చేసుకోవడానికో నాకు అర్థం కాదు.

కాబట్టి మీ చందా డబ్బుతో ముందుగా మీ స్కౌట్ మాస్టర్‌ను శిక్షణకు పంపండి, జిల్లా సంఘంలో దళాన్ని నమోదు చేయించండి. మిగిలిన దానితో కొబ్బరిపీచు తాడు, పురికొస, రెండు మంచి చాకులు, స్కార్ఫులకు బట్ట కొనండి. మొదటి శనివారం కొసలు చుట్టడంతో ప్రారంభించండి.