పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పబోయే తమ్మునికి

తమ్మీ,

మహబూబ్‌నగర్ల పిల్లగాండ్లకు ఫుట్‌బాల్ నేర్పుతా అంటున్నవు, మస్తు సంతోషం. నువ్వెంత మంచిగ ఆడుతవన్నది పక్కకు పెట్టు. గంట సేపట్ల ఒక్కో పిల్లగాని కాలికి బాల్ ఎన్నిసార్లు తాకుతుందో చూడు, కోచ్ పనితనం అండ్లనే తెలుస్తది.

16 మందిని లైన్ల నిలబెట్టి గోల్ కొట్టిస్తే, ఒకడు కొడుతుంటే 15 మంది ఊకె నిలబడుతరు. అల్లరి ఆడనే మొదలైతది. అట్ల కాకుండ నలుగురు నలుగురుగ జట్లు చేసి, 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతోని రెండు ఆటలు పెట్టు. గోల్‌కు రెండు జతల చెప్పులు చాలు, గోల్‌కీపర్ వద్దు. ఆట నడుస్తుంటే నువ్వు అరవకు. ఆపినప్పుడు ఒక్కటే ముచ్చట చెప్పు.

8 ఏండ్ల లోపు వాళ్లకు 3 నంబర్ బాల్, 12 ఏండ్ల దాక 4, ఆ తర్వాతనే 5. చిన్నోళ్లకు పెద్ద బాల్ ఇస్తే బరువుకు బొటనవేలితోని పొడుస్తరు, ఆ అలవాటు మల్ల తొందరగ పోదు.

పాస్ నేర్పేటప్పుడు వాని నిలబడ్డ కాలును చూడు. అది బాల్ పక్కన జానెడు దూరంల ఉండి, వేళ్లు దోస్తు దిక్కు చూడాలె. కొట్టే కాలు మడమ దించి, వేళ్లు పైకి లేపి, చీలమండ బిగబట్టాలె. నిలబడ్డ కాలు బాల్ వెనుక పడి ఒళ్లు వెనక్కి వాలితే బాల్ గాల్లోకి లేస్తది. "గట్టిగ కొట్టు" అంటే అది సక్కగ కాదు.

వారంల ఒకరోజు అలవాటు లేని కాలితోనే ఆడిపియ్యి. 1951, 1962 ఆసియా క్రీడలల్ల మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన జట్ల కోచ్, హైదరాబాద్ రహీం సాబ్ ఇసొంటి పోటీలే పెట్టేటోళ్లు.

ఆటకు ముందు అందరితోని గ్రౌండ్ మీద కంకర, పల్లేరు కాయలు ఏరిపియ్యి.

ఎండాకాలం పొద్దుగాల 6 గంటలకు మొదలుపెట్టి ఏడున్నరకు ఆపెయ్యి. 15 నిమిషాలకోసారి దూప కాకున్నా నీళ్లు తాగాలె. తల తిరుగుతుందంటే నీడకు తీస్కపోయి ఒళ్లంత తడుపు. మాట తడబడితే తడుపుకుంటనే దవాఖానకు ఉరుకు.

10 ఏండ్ల లోపు వాళ్లతోని హెడింగ్, అంటే తలతోని బాల్ కొట్టుడు, చేపియ్యకు. ఎవనికైన తలకు దెబ్బ తాకితే, "బాగనే ఉన్న సార్" అన్నా ఆ రోజు మల్ల దించకు. నువ్వే ఇంటిదాక పోయి, వాంతులైనా, ఊకె మత్తుగ పండుకున్నా దవాఖానకు తీస్కపొమ్మని వాళ్లమ్మకు చెప్పిరా.

– మీ అన్న