వ్యాసాన్ని వినిపించేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చూపు తగ్గిన పెద్దవాళ్లు కూడా వినగలిగేలా నా వ్యాసాలను నేనే చదివి, ఇంట్లో రికార్డు చేస్తున్నాను. కొత్త మైకు కొన్నప్పటికీ మాట బావిలోంచి వస్తున్నట్లుగా ఉంటోంది. కొన్ని అక్షరాల దగ్గర గాలి కొట్టిన చప్పుడు వస్తోంది. ఇంకా ఖరీదైన మైకు కొనవలసిందేనా?

జవాబు: అక్కర్లేదు. మొదటి లోపం గదిది, రెండవది మైకు పెట్టిన తీరుది. నోటినుంచి వెలువడిన మాట నేరుగా మైకును చేరడమే కాక, వట్టి గోడలకూ నేలకూ తగిలి, రెప్పపాటు కన్నా తక్కువ ఆలస్యంతో తిరిగివచ్చి మళ్లీ అందులోనే పడుతుంది కాబట్టి మీకు ఆ బావి గుణం వినిపిస్తోంది. ఖరీదైన మైకు ఆ ప్రతిధ్వనిని కూడా మరింత వివరంగా పట్టుకుంటుందే తప్ప తగ్గించదు. పరుపు, దిండ్లు, మందపాటి కర్టెన్లు ఉన్న చిన్న గదిని ఎంచుకోండి. చాలామంది మైకు వెనుక దుప్పటి కట్టి ఊరుకుంటారు, కానీ మైకు ముఖం మీవైపు ఉంటుంది కనుక అది ఎక్కువగా వినేది మీ వీపు వెనుక ఉన్న గోడనే. దుప్పటి ఒక్కటే ఉంటే దాన్ని మీ వెనుక వేలాడదీయండి. బట్టలు నిండిన అల్మరా ఉంటే తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి కూర్చోండి.

మైకు నోటికి జానెడు దూరంలో, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లలో ఉండాలి. ఈ దూరం రెట్టింపైతే నేరుగా చేరే మాట బలం, శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్ లెక్కలో సుమారు 6 పడిపోతుంది, ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఇక గాలి సంగతి. అరచేతిని నోటి ముందు ఉంచుకొని ముందు ‘మనం’ అని, తర్వాత ‘ఫలితం’, ‘భయం’ అని చూడండి. రెండోసారి చేతికి తగిలే ఊపిరే మైకులో చప్పుడవుతోంది. ఆ ఊపిరి తిన్నగా ముందుకే పోతుంది, మాట మాత్రం అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. అందువల్ల మైకును నోటికి సూటిగా కాక, పెదవి మూలకు కాస్త పక్కగా జరిపి, నోటివైపే చూసేలా తిప్పితే సగం సమస్య తీరుతుంది. మిగతాది పాప్ ఫిల్టర్, అంటే మైకు ముందు పెట్టే పలుచని తెర, చూసుకుంటుంది.

చెవి ఇంటి చప్పుళ్లకు అలవాటుపడిపోతుంది. నిశ్శబ్దమనుకున్న గదిలో నేను చదివిన ఒక పూర్తి వ్యాసాన్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వింటే, పక్క గదిలోని ఫ్రిజ్ రొద మొదటినుంచి చివరిదాకా ఉంది. అప్పటినుంచి చదవబోయే ముందు పది సెకన్ల మౌనాన్ని రికార్డు చేసి, వినిచూసుకున్నాకే మొదలుపెడుతున్నాను. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రొద తగ్గించడానికి ఆ మౌనమే నమూనాగా పనికివస్తుంది. ఆ సదుపాయాన్ని మితంగా వాడండి, ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్లుంటుంది.

ప్రశ్న: తప్పుల్లేకుండా చదువుతున్నా, వినేవారు మధ్యలో అర్థం తప్పిపోతోందని అంటున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: చాలావరకు కాగితం మీదే ఉంటుంది. కంటితో చదివేవారు వాక్యం పొడుగైతే వెనక్కి వెళ్లి కర్తను వెతుక్కుంటారు, వినేవారికి ఆ వీలు లేదు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కనుక, మధ్యలో మూడు విశేషణ వాక్యాలు చేరితే అసలు ఎవరి గురించి చెబుతున్నామో చెవి మరిచిపోతుంది. అటువంటి వాక్యాన్ని రెండుగా విరిచి, రెండోదాని మొదట్లో కర్తను మళ్లీ చెప్పండి. ‘పై పేరాలో’ అన్న మాట చెవికి అర్థం లేనిది, దాన్ని ‘ఇంతకుముందు’ అని మార్చుకోవాలి. కుండలీకరణాల్లోని మాటను వాక్యంలో కలపండి, లేదా వదిలేయండి.

అంకెలను ముందే అక్షరాల్లో రాసిపెట్టుకోవడం నేను గట్టిగా చెప్పే మాట. 1,48,600 అని కనబడగానే నాలుక ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తడబాటు వినేవారికి తెలిసిపోతుంది. ‘లక్షా నలభై ఎనిమిది వేల ఆరు వందలు’ అని ఉంటే మాట సాఫీగా సాగుతుంది. వాదం నడవడానికి ఆ ఆరు వందలు అవసరం లేకపోతే ‘దాదాపు లక్షన్నర’ అనడమే వినేవారికి మేలు. ఉపశీర్షిక వచ్చినప్పుడు దానికి ముందూ వెనుకా ఒక్కో సెకను ఆగండి.

ప్రశ్న: మధ్యలో తప్పు దొర్లితే మళ్లీ మొదటినుంచి చదవాలా? చివరికి ఏ రకం ఫైల్‌గా దాచాలి?

జవాబు: ఆపకండి. ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యాన్ని మొదటినుంచి మళ్లీ చదవండి. ఎడిటింగ్‌లో చప్పట్లు కొట్టిన చోట శబ్దాన్ని చూపే గీత నిటారుగా లేచి కనబడుతుంది కాబట్టి, తప్పును వెతకవలసిన పని ఉండదు. మర్నాడు సరిదిద్దితే గొంతు అతుకు వేసినట్లు తెలుస్తుంది, అందుకని ఆ పూటే పూర్తిచేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం స్థాయిని చూపే మీటరుకు సున్నాయే పైహద్దు, కనుక గొంతు ఎంత పెరిగినా అది మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. హద్దు దాటి చిట్లిన శబ్దాన్ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం.

అసలు ప్రతిని మోనో, అంటే ఒకే ఛానల్ ఉన్న, వేవ్ ఫైల్‌గా, శబ్ద నాణ్యతను 44,100 హెర్ట్జ్, 16 బిట్ల వద్ద ఉంచి దాచండి; వేవ్ అంటే శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైల్. 20 నిమిషాల వ్యాసానికి అది 100 మెగాబైట్లు దాటుతుంది. పంచడానికి దాన్ని కుదించి, సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3 చేస్తే సుమారు 10 మెగాబైట్లలో ఇమిడిపోతుంది, మాట స్పష్టతకు చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. తర్వాత దిద్దవలసివస్తే ఎంపీ3ను కాక వేవ్ ఫైల్‌నే తెరవండి.